తమ్ముడే పాఠం

మా మనవరాలు ఏడో తరగతిలో ఉన్నప్పుడు వాళ్ల స్కూల్లో ఓ ప్రాజెక్టు ఇచ్చారు. ఇంట్లో కనిపించే ఏదో ఒక్క విషయం తీసుకుని దాన్ని లెక్కలు, సైన్సు, సోషల్, తెలుగు... అన్ని సబ్జెక్టులతోనూ ముడిపెట్టి రాయాలి. స్నేహితులంతా వంటగది, నీళ్ల ట్యాంకు, కరెంటు బిల్లు అంటూ తలా ఒకటి ఎంచుకున్నారు. ఇది మాత్రం రెండు రోజులు ఆలోచించి, 'అమ్మమ్మా, మనింట్లో పొద్దస్తమానం అందరూ వీడి గురించే కదా మాట్లాడుకుంటారు. నేను తమ్ముడి మీదే రాస్తా' అంది. అప్పటికి వాడికి నాలుగో నెల.

నేను ఖమ్మంలో పాతికేళ్లకు పైగా హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. అమ్మాయి పురిటికని గోపన్‌పల్లి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. ఒకపక్క సెంట్రల్ యూనివర్సిటీ, ఇంకోపక్క విప్రో సర్కిల్, మధ్యలో పాత ఊరు, తండా, వాటి చుట్టూ లేచిన అపార్ట్‌మెంట్లు. సాయంత్రం కిందికి దిగితే బెంచీల మీద నాలాంటి అమ్మమ్మలూ నాన్నమ్మలే కనిపిస్తారు. అందరం కూతురికో కోడలికో పురుడు పోయడానికి వచ్చినవాళ్లమే. ఆరు నెలలయ్యాక ఒకరు ఊరెళితే, వియ్యపురాలు వచ్చి ఆ బెంచీలో కూర్చుంటుంది. ఎవరూ రాలేని ఇళ్లలో బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే తల్లీతండ్రీ ఫోన్లో వెతుక్కుంటారు. ఇద్దరూ ఇంజినీరింగ్ చదివినవాళ్లే. చంటిబిడ్డను ఎలా ఎత్తుకోవాలో మాత్రం వాళ్లకి ఏ క్లాసులోనూ చెప్పలేదు. నేను చెప్పిన పుస్తకాల్లోనూ అమీబా రెండుగా ఎలా విడిపోతుందో ఉంది, పువ్వు కాయగా ఎలా మారుతుందో ఉంది. పుట్టిన బిడ్డకు మొదటి ఏడాదిలో ఏమవుతుందన్నది మాత్రం పెద్దగా కనపడేది కాదు. అందుకే మనవరాలి ఆలోచన వినగానే నాకు సంబరమేసింది.

ముందు లెక్కలు. వాడు పుట్టినప్పుడు సరిగ్గా 3 కిలోలు. మూడో రోజుకు 2 కిలోల 800 గ్రాములయ్యాడు. ఇంట్లో అందరికీ కంగారు. పాలు చాలడం లేదేమో, డబ్బా పాలు పడదామా అని మా అల్లుడు గుసగుసలు. డాక్టరమ్మ నవ్వి, 'తొలి రోజుల్లో బరువు కాస్త తగ్గడం మామూలే. పదిశాతం దాటితేనే ఆలోచించాలి. రెండు వారాల్లో మళ్లీ మూడు కిలోలకు వచ్చేస్తాడు' అంది. అలాగే వచ్చాడు. మనవరాలి నోట్సులో అదే మొదటి లెక్క. '3000 గ్రాముల బిడ్డ 200 గ్రాములు తగ్గితే ఎంత శాతం?' జవాబు 6.7. కింద చిన్న అక్షరాలతో 'నాన్న ఈ లెక్క చేసుంటే ఆ రాత్రి నిద్రపోయేవాడు' అని రాసింది.

తర్వాత సైన్సు. పుట్టిన కొత్తలో బిడ్డకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవే కాస్త స్పష్టంగా కనిపిస్తాయని చెప్పాను. వెంటనే స్కేలు తెచ్చి, పాలిస్తున్న వాళ్లమ్మ ముఖానికీ తమ్ముడి కళ్లకీ మధ్య దూరం కొలిచింది. సరిగ్గా ఆ లెక్కలోనే ఉంది. 'అంటే వాడికి మొదట్లో ప్రపంచం అంటే అమ్మ ముఖమేనా!' అని ఆశ్చర్యపోయింది. నడినెత్తిన మెత్తగా కొట్టుకునే మాడు గురించీ రాసుకుంది. పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోలేదు, లోపల మెదడు వేగంగా పెరుగుతోంది, దానికి చోటు కావాలి. ఆ మెత్తని భాగం సాధారణంగా ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్యలో మూసుకుంటుంది. విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరు తగ్గిపోతే అదే మాడు లోపలికి గుంటపడుతుంది. అది కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి. ఇలాంటివి ఇంట్లో పదేళ్ల పిల్లకు తెలిసినా ఓ ప్రాణం నిలబడుతుంది.

ఈ లెక్కల మధ్యలోకే ఇంకో తమ్ముడు వచ్చాడు. మా పక్క బిల్డింగ్ వాచ్‌మన్ వాళ్లది నారాయణపేట వైపు. కర్ణాటకను ఆనుకుని ఉండే ప్రాంతం కాబట్టి ఇంట్లో కాస్త తెలుగు, కాస్త కన్నడం. వాళ్ల పెద్దమ్మాయీ ఏడో తరగతే, సర్కారు బడిలో. ఆమె తమ్ముడు మావాడి కంటే రెండు వారాలు పెద్ద. రోజూ మధ్యాహ్నం వాణ్ని చంకనేసుకుని మా గుమ్మంలోకి వచ్చేది. ఇద్దరు బుడతల్నీ చాపమీద పడుకోబెట్టి కబుర్లు చెప్పేది. స్కూలుకి సెలవా అనుకుంటే, వారం గడిచినా అదే వరస. మా మనవరాలే ఓరోజు అడిగేసింది. 'మరి నేను పోతే తమ్మున్ని ఎవరు పట్టుకుంటరు? అమ్మ పనికి పోతున్నది' అంది ఆ పిల్ల, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

వాళ్లమ్మ ఓ ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేస్తుంది, కాంట్రాక్టు కింద. మా అమ్మాయికి 26 వారాల జీతంతో కూడిన సెలవు దొరికింది. 2017లో చట్టం మార్చి 12 వారాల నుంచి పెంచారు. ఆమెకు మాత్రం బిడ్డకు మూడో నెల నిండగానే ఫోనొచ్చింది. రాకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటాం అన్నారు. ఒకే రోడ్డు మీద, రెండు వారాల తేడాలో పుట్టిన ఇద్దరు పిల్లలు. ఒకడి కోసం అమ్మ సెలవు పెట్టింది. ఇంకొకడి కోసం అక్క బడి మానేసింది.

ఆ సంగతి తెలిశాక మా ఇంట్లో ప్రాజెక్టు రూపే మారిపోయింది. మనవరాలు చదివి రాస్తుంటే, రెండో పిల్ల చేసి చూపించేది. మెడ నిలవని బిడ్డను ఎత్తేటప్పుడు అరచెయ్యి తల కిందికి ఎలా జారాలి, పాలు తాగాక భుజాన వేసుకుని తేన్పు ఎలా తెప్పించాలి, ఆకలేడుపుకీ నిద్రేడుపుకీ తేడా ఏమిటి... ఇవన్నీ ఆ పిల్ల చేతుల్లో ఉన్నాయి. 'ఆకలైతే ముందుగాల చెయ్యి నోట్ల పెట్టుకుంటడు అమ్మమ్మా. ఏడ్చేదాంక ఆగొద్దు' అంది ఓరోజు. పిల్లల డాక్టర్లు చెప్పేదీ అదే. ఏడుపు ఆకలికి చివరి గుర్తు, మొదటిది కాదు.

ఇద్దరు తమ్ముళ్లనీ తూచాలనుకున్నారు. చంటిబిడ్డల త్రాసు లేదు. అయితేనేం, నేను బిడ్డను ఎత్తుకుని ఇంట్లోని వెయింగ్ మెషీన్ ఎక్కాను, తర్వాత ఒక్కదాన్నీ ఎక్కాను. తీసివేత వాళ్లు చేసుకున్నారు. అయిదో నెల నిండేసరికి మావాడు 6 కిలోల 600 గ్రాములు, రెండోవాడు 5 కిలోల 700. 'మావాడు బక్కగున్నడు' అని ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. వాడు నెల ముందే పుట్టాడు, పుట్టినప్పుడు 2 కిలోల 100 గ్రాములే. 'ఎవరు ఎంత ఉన్నారని కాదు, ఎవరు ఎన్ని రెట్లు అయ్యారో చూడండి' అన్నాను. భాగహారం చేశారు. మావాడు 2.2 రెట్లు. వాడు 2.7 రెట్లు! పైగా నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను పోల్చేటప్పుడు వయసులోంచి ఆ తక్కువైన రోజుల్ని తీసేయాలి. అంటే వాడికి అయిదు కాదు, నాలుగు నెలలే అనుకోవాలి. డాక్టర్లు వాడే ఎదుగుదల చార్టులో చూసేది ఒక్క రోజు బరువు కాదు, గీత పైకి వెళ్తోందా లేదా అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ఆ చార్టు కోసం ఆరు దేశాల పిల్లల్ని కొలిచారు. అందులో మన దిల్లీ పిల్లలూ ఉన్నారు. గ్రాఫు కాగితం మీద ఇద్దరి చుక్కలూ కలిపాక ఆ పిల్ల తన తమ్ముడి గీతను వేలితో కింది నుంచి పైకి రెండుసార్లు రాసింది.

'ఇంత చిన్నోణ్ని ఎట్ల బతికించిన్రు?' అని మనవరాలు ఆ పిల్ల యాసలోనే అడిగింది. సర్కారు దవాఖానలో నర్సమ్మ నేర్పిందట. బిడ్డను తల్లి గుండెల మధ్య, ఒంటికి ఒళ్లు తగిలేలా నిలువుగా పెట్టి గుడ్డతో కట్టుకోవాలి. దీన్నే కంగారూ పద్ధతి అంటారు. కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక 1978లో డాక్టర్లు మొదలుపెట్టారు. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది. అదెందుకు పనిచేస్తుందో లెక్కల్లోనే తెలుస్తుంది. ఒక సెంటీమీటరు భుజమున్న ఘనం ఘనపరిమాణం 1, ఉపరితలం 6. రెండు సెంటీమీటర్లదానికి ఘనపరిమాణం 8, ఉపరితలం 24. అంటే మొదటిదానికి 6 రెట్లు, రెండోదానికి 3 రెట్లే. వస్తువు చిన్నదయ్యేకొద్దీ దాని సైజుతో పోలిస్తే పైచర్మం ఎక్కువ, వేడి పోవడమూ ఎక్కువే. అందుకే బుల్లి బిడ్డ తొందరగా చల్లబడతాడు. ఈ పని తల్లే చేయాలనేం లేదు. రాత్రిళ్లు వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని, చొక్కా గుండీలు విప్పి, కొడుకును గుండెకు కట్టుకుని పైన దుప్పటి కప్పుకుని కాపలా కాసేవాడట. 'మా నాయన గేటు తీసేటప్పుడు గూడ వాణ్ని ఇప్పకపోయేది' అని నవ్వింది కూతురు.

మనవరాలి క్లాసులో ఓ అబ్బాయి 'ఇది అమ్మాయిల టాపిక్ కదా' అన్నాడట. మా రోజుల్లో గృహవిజ్ఞానం అని ఒక సబ్జెక్టు ఉండేది, అదీ అమ్మాయిలకే. ఆ అబ్బాయికి జవాబుగా మావాళ్లు చార్టు మీద తల్లి బొమ్మ వేయలేదు. గేటు పక్కన కుర్చీలో, గుండె మీద బిడ్డతో కూర్చున్న కాపలాదారు బొమ్మ వేశారు.

సెల్లార్లో పైపుకు కట్టిన చీర ఉయ్యాల ఇంకో పాఠమైంది. నేను గడియారం పట్టుకుంటే వాళ్లు ఊపులు లెక్కపెట్టారు. పది ఊపులకు 25 సెకన్లు. చిన్నగా ఊపినా కాస్త పెద్దగా ఊపినా దాదాపు అంతే. చీర కురచగా కట్టినప్పుడు మాత్రం టైము తగ్గింది. ఏడో తరగతి సైన్సులో ఉన్న లోలకం పాఠం అదే. ఉయ్యాల దగ్గర ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి, మామూలుగా నిద్రపుచ్చేది మాత్రం గట్టి పరుపు మీద, వెల్లకిలా, ముఖం పక్కన దిండ్లూ బొంతలూ లేకుండా అని కింద జాగ్రత్త కూడా రాయించాను.

తెలుగుకొచ్చేసరికి నాకే హుషారొచ్చింది. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు... ఇది పండగ ముచ్చట మాత్రమేనా? బిడ్డ ఎదుగుదలను నెలనెలా గమనించడానికి మన పెద్దవాళ్లు పెట్టుకున్న పట్టిక. రెండో నెలలో పలకరింపుకు నవ్వాలి, నాలుగయిదు నెలల్లో బోర్లా పడాలి, ఏడాది అటూఇటుగా అడుగులేయాలి. బొబ్బట్లు ఎంతకీ చేయకపోతే ఆ ఇంట్లో ఎవరో ఒకరు 'ఏంటింకా?' అని అడుగుతారు. ఇప్పుడు పిల్లల డాక్టరు అడిగేదీ ఆ ప్రశ్నే. బువ్వ, లాల, జోజో, బూచి, తాయిలం లాంటి మాటల జాబితా వాళ్లే చేసుకున్నారు. పెదవులు కలిపితే వచ్చే మ, ప, బలు పిల్లలకు తొందరగా పట్టుబడతాయి. చాలా భాషల్లో అమ్మానాన్నల్ని పిలిచే మాటల్లో ఆ శబ్దాలే ఉండటం అందుకే కాబోలు.

సోషల్‌లో మనుషులు వచ్చారు. గర్భిణులకు ఇచ్చే మాత్రలో ఐరన్‌తో పాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. బిడ్డ వెన్నుపాములో లోపాలు రాకుండా కాపాడుతుంది. దాన్ని 1940ల్లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. విరేచనాలకు వాడే ఉప్పు-పంచదార ద్రావణం సత్తాను 1971లో బంగ్లాదేశ్ శరణార్థి శిబిరంలో నిరూపించింది మన దిలీప్ మహలనబీస్. 2022లో ఆయన పోయాక పద్మవిభూషణ్ ఇచ్చారు. టీకాల కార్డు చూసి 6, 10, 14 వారాల్ని 7తో గుణించి 42, 70, 98 రోజులని రాసుకున్నారు. దేశంలో 1971లో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 129 మంది ఏడాది నిండకుండానే పోయారు. 2020 నాటికి అది 28కి దిగింది, తెలంగాణలో 21కి. ఆ అంకె దగ్గర రెండో పిల్ల ఆగి, 'అయినా 21 మంది పోయిన్రు గదా' అంది. సోషల్ పాఠం అక్కడే మొదలవుతుంది.

మా వియ్యపురాలు వచ్చినప్పుడు మనవడి నాలుక మీద తేనె రాయబోయింది. మనవరాలు చెయ్యి పట్టుకుని, 'నాన్నమ్మా, ఏడాది నిండేదాకా తేనె వద్దు. అందులో ఒక్కోసారి ఉండే బ్యాక్టీరియాను వాడి పేగులు తట్టుకోలేవు. ఆరు నెలల దాకా మంచినీళ్లు కూడా వద్దు, అమ్మ పాలే' అంది. ఆవిడ కాసేపు చూసి, 'సరేనే, నీ పుట్టెడు పాఠం నాకూ చెప్పావు' అని తేనె సీసా పక్కన పెట్టేసింది. ఒంటికి నూనె రాసి, కబుర్లు చెబుతూ స్నానం చేయించే పని మాత్రం ఆవిడదే. అందులో ఆవిడకు సాటి లేరు.

ప్రాజెక్టు పూర్తయింది. చార్టు కింద మా పిల్ల ఇద్దరి పేర్లూ రాసింది. 'వేరే స్కూలు అమ్మాయి పేరు రాయొచ్చా?' అంటే, 'సగం తను చెప్పిందే కదా' అంది. నేను ఆ నోట్సు జిరాక్సు తీయించి సర్కారు బడికి వెళ్లాను. టీచరు హాజరు పట్టీ తీసి చూపించింది. ఆ పిల్ల పేరు ఎదురుగా అయిదు వారాలుగా ఆబ్సెంటే. 'ఈ అయిదు వారాల్లో చేసింది ఇదండీ' అని నోట్సు ఆమె ముందు పెట్టాను. నిదానంగా అన్ని పేజీలూ తిప్పింది. 'దీన్ని క్లాసులో చెప్పించొచ్చు, పంపించండి' అంది.

పంపించాలంటే తమ్ముణ్ని ఎవరో ఒకరు చూడాలి. పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా మా హాల్లోనే ఇద్దరూ. తర్వాత వాళ్ల నాన్న. మా అమ్మాయి సెలవు అయిపోయాకా అదే ఏర్పాటు. ఆ పిల్ల బడికెళ్లింది. రబ్బరు బొమ్మతో బిడ్డను ఎత్తుకోవడం, ఓఆర్ఎస్ పొట్లాన్ని సరిగ్గా లీటరు నీళ్లలో కలపడం క్లాసులో చేసి చూపించింది. ఇంట్లో చెల్లెల్నో తమ్ముణ్నో ఎత్తుకుని తిరిగేవాళ్లు ఎంతమంది అని టీచరు అడిగితే సగం చేతులు లేచాయట. మగపిల్లలవి కూడా.

ఇదేం కొత్త ఆలోచన కాదు. పేదదేశాల్లో చంటిపిల్లల్ని పెంచేది చాలావరకు వాళ్ల అక్కలూ అన్నలే కాబట్టి ఆ పిల్లలకే ఆరోగ్య పాఠాలు చెబుదామని లండన్‌లో డాక్టర్ డేవిడ్ మోర్లీ, ఆయన మిత్రులు 1978లో 'చైల్డ్ టు చైల్డ్' అనే పద్ధతి తెచ్చారు. 1979 అంతర్జాతీయ బాలల సంవత్సరం. కెనడాలోని టొరంటోలో మేరీ గోర్డన్ 1996లో ఇంకోటి మొదలుపెట్టింది. ఏడాది పొడవునా ఓ చంటిబిడ్డను తల్లితోనో తండ్రితోనో క్లాసుకు తీసుకొస్తారు. పిల్లలు చుట్టూ కూర్చుని వాడెలా ఎదుగుతున్నాడో, ఇప్పుడు వాడికి ఏమనిపిస్తోందో గమనిస్తారు. అక్కడ బిడ్డను బడికి వెతికి తేవాలి. మన దగ్గర బిడ్డలు బడి గోడ అవతలే ఉన్నారు, వాళ్లని ఎత్తుకున్న అక్కలతో సహా.

నేను ఎల్లకాలం గోపన్‌పల్లిలో ఉండను. అప్పుడు ఆ పదింటి నుంచి ఒంటిగంట సంగతేమిటన్నది నాకు నిద్రపట్టనివ్వదు. అంగన్‌వాడీలో ఆటపాటలు మూడేళ్లు నిండినవాళ్లకు. పెద్ద ఆఫీసుల్లో క్రెష్ ఉండాలని 2017 సవరణలోనే రాశారు. అందులోకి ఆ ఆఫీసు నేల తుడిచే తల్లి బిడ్డ కూడా వెళ్లగలిగితే, ఓ అక్క బడి నిలబడుతుంది. ఇది మా బిల్డింగ్ అసోసియేషన్ మీటింగులో అడిగాను. కమ్యూనిటీ హాల్లో ఒక గది, ఓ ఆయా జీతం తలా కాస్త వేసుకుంటే చాలన్నాను. ఆలోచిద్దాం అన్నారు. మళ్లీ అడుగుతాను.

మీ ఇంట్లో చంటిబిడ్డ ఉంటే, ఆ ఇంట్లోనే బడికెళ్లే పిల్లాడో పిల్లో ఉంటే, ఓ ఆదివారం బరువు తూచే పని వాళ్లకప్పగించండి. ముఖ్యంగా మగపిల్లలకి. పక్కింటి వాచ్‌మన్ కూతురు స్కూలు టైములో చంకన బిడ్డతో కనిపిస్తే, 'బిడ్డ బాగున్నాడా' అని అడిగాక ఇంకో ప్రశ్న కూడా అడగండి. 'బడికి పోవట్లేదా తల్లీ?'